నేను రాసిచ్చిన రెండు పేజీలు

రిటైరైన రెండో ఏడు మా ఆవిడ నన్ను కాలేజీలో చేర్పించింది. చేర్పించింది అనే అనాలి. అప్లికేషన్ తెచ్చింది తనే, నింపింది తనే, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది కూడా తనే. నేను ముప్పై నాలుగేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో తెలుగు చెప్పినవాణ్ణి. పని లేక బ్రాడీపేటలో మా అద్దె పోర్షన్ హాల్లో కూర్చుని, టీవీలో వార్తలు చదివే పిల్లల తప్పులు దిద్దుతూ ఉండేవాణ్ణి. వాళ్ళకు నా మాట వినపడదు గనక ఆ దిద్దుబాటంతా మా ఆవిడ వినాల్సి వచ్చేది.

"శనివారం రెండు గంటలైనా ఆ టీవీని బతకనివ్వండి," అంది.

ఆటోలో పది నిమిషాల దూరంలో ఉన్న ఆ కాలేజీలో పెద్దవాళ్ళ కోసం శనివారం సాయంత్రం క్లాసులు పెట్టారు. వయసుతో పని లేదు. పరీక్షలు లేవు, సర్టిఫికెట్టు కూడా ఇవ్వరు. తెలుసుకోవాలన్న కోరిక ఉంటే చాలని గేటు దగ్గర బోర్డు మీద రాశారు. నేను చేరింది మన చుట్టూ ఉన్న మొక్కల గురించిన క్లాసులో. చెప్పేది బోటనీ లెక్చరరు, మా అమ్మాయి వయసుది. వినేవాళ్ళం పద్నాలుగు మందిమి. బ్యాంకు మేనేజరుగా చేసి దిగిపోయిన ఒకాయన, బట్టలు కుట్టే ఒకావిడ, మిద్దె మీద తోట పెంచుకునే దంపతులు, ఇలాంటివాళ్ళం. కుర్రవాళ్ళు కూర్చునే బెంచీల్లో మోకాళ్ళు పట్టక అందరం అవస్థ పడేవాళ్ళం. లెక్చరరు ప్రశ్న వేస్తే మొదట జవాబు చెప్పేది నేనే. తెలిసినా చెప్పేవాణ్ణి, తెలియకపోయినా చెప్పేవాణ్ణి.

మూడో వారం ఒకావిడ కొత్తగా వచ్చి తలుపు పక్కన చివరి బెంచీలో కూర్చుంది. యాభై దాటిన మనిషి. ఊరి బయట కోల్డ్ స్టోరేజీల దగ్గర షెడ్డులో మిరపకాయలకు తొడిమలు తీయడం, రంగు పోయిన తాలుకాయల్ని ఏరి పక్కన పడేయడం ఆమె పని. బడికి వెళ్ళింది మూడో తరగతి దాకానే. చర్చిలో ఆదివారం ఆదివారం బైబిలు చదువుతూ చదవడం గట్టిపరచుకుందట. ముందుకొచ్చి కూర్చోమంటే, "నా చీరకి కారం ఉంటదండీ, మీకు తుమ్ములొస్తాయి," అని అక్కడే ఉండిపోయింది.

ఈ క్లాసుకే ఎందుకు వచ్చారని లెక్చరరు అడిగింది.

"మిరపకాయలో మంట ఎక్కడుంటదో చూద్దామనండీ. ముప్పయ్యేళ్ళ బట్టి చేతులు మండుతున్నాయి, ఎక్కణ్ణుంచి వస్తందో తెలియదు."

అందరం నవ్వాం. లెక్చరరు మాత్రం నవ్వలేదు. ఎక్కడుంటుందో చెప్పండని మమ్మల్నే అడిగింది. గింజల్లో అని నేను గట్టిగా చెప్పాను. నా వెనకే మరో పది మంది గింజల్లోనే అన్నారు. ఆవిడ చివర్నుంచి, "గింజల్లో కాదేమోనండీ. గింజలు రాలి చేతిలో పడితే అంత మండదు. కాయ చీలి లోపలి పొర తగిలితే మాత్రం రాత్రికి అన్నం కలుపుకోలేం," అంది. లెక్చరరు ఒక కాయ కోసి, గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరను సన్నగా తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. మంటంతా పుట్టేది ఆ పొరలోనే, గింజలకు అంటేది పక్కన ఉన్నందుకే అని చెప్పింది. ఆవిడ ఒక కన్ను మూసుకుని అందులోకి చాలాసేపు చూసింది. ఆవిడ వెనక మేమందరం వరస కట్టి నిలబడి ఉన్నాం.

"ఇదా అండీ," అంది, తలెత్తకుండానే. ముప్పయ్యేళ్ళు తనను సతాయించిన మనిషిని మొదటిసారి ముఖాముఖి చూసినట్టు అంది.

ఆ సాయంత్రం కాలేజీ గేటు బయట టీ బడ్డీ దగ్గర జరిగింది నేను కళ్ళారా చూశాను. చూసి కూడా నాకు బుద్ధి రాలేదు కాబట్టే ఇదంతా రాస్తున్నాను. బట్టలు కుట్టేవిడ, సంవత్సరానికి సరిపడా కారం పట్టించుకోవాలి, ఏ కాయ కొనాలి అని మాటవరసకు అడిగింది. మిరపకాయలావిడ తన సంచిలోంచి గుప్పెడు కాయలు తీసి మా అందరి చేతుల్లో తలా రెండు పెట్టింది. చెవి దగ్గర పెట్టుకుని ఆడించమంది. ఆడించాం. ఒకటి గలగలమంది, ఒకటి పలకలేదు.

"పలకని కాయని నమ్మబాకండి. పైకి ఎర్రగానే నవ్వుతా ఉంటది. లోపల తడి, దాని లోపల బూజు," అంది.

తూకం కోసం నీళ్ళు చల్లిన సరుకును వాసనతో ఎలా పట్టాలో చెప్పింది. తొడిమ విరిగే చప్పుడును బట్టి ఎన్ని ఎండలు తగిలాయో చెప్పింది. పావుగంట చెప్పింది. బడ్డీ అతను స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా చూసుకోకుండా చెవి దగ్గర కాయ ఆడిస్తూ నిలబడ్డాడు. ఆ పావుగంటలో నాకు ఈ రోజు గుర్తున్నది ఈ నాలుగు ముక్కలే.

ఆ క్లాసుకు ఒక పద్ధతి ఉంది. ఆఖరి రెండు నెలల్లో వినేవాళ్ళే ఒక్కొక్కరు తమకు తెలిసిన మొక్క గురించి పావుగంట మాట్లాడాలి. ఆవిడ వంతు ఫలానా శనివారమని లెక్చరరు చెప్పి, ఇంకో మాట కూడా అంది. ఆ రోజు బాగా కుదిరితే తన డిగ్రీ పిల్లలకు కూడా ఆవిడ చేత ఒక పాఠం చెప్పిస్తానంది. "మా పిల్లలకి మిరప అంటే పుస్తకంలో బొమ్మే అండీ. చేత్తో పట్టుకున్నవాళ్ళు చెబితే వేరుగా ఉంటుంది."

ఆవిడ ముఖం చూడాలి అప్పుడు. క్లాసయ్యాక నా దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, నేను కాలేజీలో పాఠం చెబుతానంటే మా అమ్మాయి నవ్విందండీ. ఆస్పత్రిలో నర్సు అది. నువ్వేం చెబుతావే అమ్మా అంది. వచ్చి చూద్దువుగాని రమ్మన్నాను. అని అయితే వచ్చాను గానీ, నాకు భయంగా ఉందండీ. నలుగురిలో నిలబడి మాట్లాడింది లేదు."

"భయమెందుకమ్మా, నేను రాసిస్తాను. నువ్వు నేర్చుకుని చెప్పెయ్," అన్నాను.

క్లాసులో అందరూ ఆవిణ్ణి మీరు అనేవాళ్ళు. నేనొక్కణ్ణే నువ్వు అనేవాణ్ణి. ఆవిడ నాకంటే పదేళ్ళు చిన్నదయ్యుండొచ్చు, అంతకుమించి ఆ చొరవకు కారణం లేదు. ఉంటే అది చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది.

రాసివ్వడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ముప్పై నాలుగేళ్ళు ఆగస్టు పదిహేనుకీ, బాలల దినోత్సవానికీ, మండల స్థాయి వక్తృత్వ పోటీలకీ ఉపన్యాసాలు రాసిచ్చింది నేనే. పిల్లలు బట్టీ పట్టి, ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పి, షీల్డులు తెచ్చేవాళ్ళు. హెడ్మాస్టర్ల గదుల్లో బీరువాల మీద దుమ్ము కొట్టుకుపోయి ఇంకా ఉన్నాయవి. షీల్డుల మీద పిల్లల పేర్లుండేవి, పలికిన మాటలు మాత్రం నావి. అంతమందిలో ఒక్క పిల్లవాడైనా తనంతట తాను అన్న ఒక్క వాక్యం గుర్తు తెచ్చుకుందామని ఈమధ్య ప్రయత్నించాను. ఒక్కటీ గుర్తు రాలేదు. వాళ్ళని అననిచ్చిందెప్పుడు.

రెండు పేజీలు రాశాను. 'సభకు నమస్కారము. మిరప మన ఆంధ్రుల ఆహారమున అగ్రస్థానము వహించినది. ఇది తొలుత దూరదేశములందు జన్మించి, పోర్చుగీసు నావికుల ద్వారా మన తీరమునకు చేరినది.' ఇలా సాగుతుంది. ఆవిడ టీ బడ్డీ దగ్గర చెప్పిందంతా అందులో ఒక్క వాక్యమైంది. 'ఎండిన కాయ యందలి తేమ తగు పాళ్ళలో నుండవలెను.' రాసి, నేనే చదువుకుని, చాలా బాగుందనుకున్నాను.

కాగితాలు తీసుకుని ఆవిడ రెండు చేతులతో కళ్ళకద్దుకుంది. తర్వాత అడిగింది.

"కాయలు తేనా అండీ? అందరి చేతుల్లో రెండేసి పెడితే తేలిగ్గా తెలుస్తది."

"ఇది కల్లం కాదమ్మా, కాలేజీ. కాయలూ గీయలూ వద్దు. కాగితం చాలు."

ఆ మాట ఇప్పుడు రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది. అప్పుడు మాత్రం చాలా సహజంగా వచ్చింది. ఆవిడ సరేనండీ అంది.

రెండు వారాలు రోజూ సాయంత్రం పనినుంచి రాగానే నాకు ఫోన్ చేసి అప్పజెప్పేది. వెనక బస్సుల హారన్లు, కుక్కర్ విజిల్ వినపడుతూ ఉండేవి. తడబడిన చోట మళ్ళీ మొదటినుంచి అనిపించేవాణ్ణి. ఒకరోజు స్పీకర్‌లో పెడితే మా ఆవిడ వంటింట్లోంచి విని వచ్చింది.

"మాట్లాడేది ఆవిడేనా, మీరే గొంతు మార్చి మాట్లాడుతున్నారా?" అంది.

నాకు ఒళ్ళు మండింది. నీకు తెలియని విషయాల్లో తల దూర్చకన్నాను. అసలు విషయం మా ఇంట్లో తెలిసింది తనొక్కదానికే.

ఆ శనివారం ఆవిడ చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని వచ్చింది. చేతులు కొబ్బరినూనె రాసి తోముకున్నట్టున్నాయి, మెరుస్తున్నాయి. వెనక బెంచీలో కూతురు, డ్యూటీ దిగి వచ్చిన తెల్లకోటుతోనే కూర్చుంది. సెల్‌ఫోన్‌లో వీడియో తీయడానికి సిద్ధంగా పట్టుకుంది. నేను ముందు బెంచీలో కూర్చున్నాను. పోటీల్లో ఎప్పుడూ అక్కడే కూర్చునేవాణ్ణి, పిల్లలకు నా పెదవులు కనపడాలని.

సభకు నమస్కారమంది. అగ్రస్థానం దాకా బాగానే వెళ్ళింది. పోర్చుగీసు దగ్గర ఆగింది. నేను పెదవులు కదిపాను. ఆవిడకు అర్థం కాలేదు. మెల్లగా పైకే అందించాను. అందుకుని అంది. తర్వాతి వాక్యం కూడా నేనే అందించాను. ఆ తర్వాతది కూడా. పెళ్ళిలో పురోహితుడు చెప్పిస్తుంటే పెళ్ళికొడుకు అన్నట్టుగా, నేనొక ముక్క, ఆవిడొక ముక్క. గదిలో అందరికీ రెండు గొంతులూ వినపడుతున్నాయి. మేనేజరుగారికి నవ్వాగలేదు. చెడ్డవాడు కాదాయన, నవ్వు వచ్చింది, నవ్వాడు. వెనక బెంచీలో కూతురు ఫోన్ దించేసింది.

అప్పుడు లెక్చరరు లేచి నిలబడి, చాలా మెల్లగా, "అమ్మా, ఆ కాగితం పక్కన పెట్టేయండి. మీకు తెలిసింది మీ మాటల్లో చెప్పండి, చాలు," అంది.

ఆవిడ లెక్చరరు వైపు చూడలేదు. నా వైపు చూసింది. పక్కన పెట్టనా అని అడగడమే అది. అంత స్పష్టంగా ఏ పిల్లా నన్ను ఎప్పుడూ అడగలేదు. నేను తలూపితే చాలు. ఆవిడ చేతిలో ఆ కాగితం ఉండేది కాదు, టీ బడ్డీ దగ్గరి మనిషి అక్కడ నిలబడి ఉండేది.

నేను తర్వాతి వాక్యం అందించాను. 'ఎండిన కాయ యందలి తేమ.'

ఆవిడ అదే అంది. పూర్తి చేయకుండా, "అంతేనండీ," అని కూర్చుంది. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఎలా ఉంటాయో ముప్పై నాలుగేళ్ళు విన్నవాణ్ణి, నాకు తెలుసు. కూతురు వచ్చి ఆవిడ సంచి అందుకుని, పద అమ్మా అంది. ఇంటికి వెళ్తూ ఆటోలో నేననుకున్నది కూడా దాచకుండా చెబుతాను. ఇన్నిసార్లు చెప్పించినా పరువు తీసిందే అనుకున్నాను.

తర్వాతి శనివారం చివరి బెంచీ ఖాళీ. ఆ పై వారం కూడా ఖాళీ. ఫోన్ చేయడం మానేసింది. నేనూ చేయలేదు. నాలుగో వారం క్లాసయ్యాక లెక్చరరు నన్ను ఆపింది.

"మాస్టారూ, ఆవిడ టీ బడ్డీ దగ్గర చాలా బాగా చెప్పిందటగా. మీరు విన్నారట. నేను ల్యాబు తాళం వేస్తూ లోపలే ఉండిపోయాను. ఏం చెప్పింది?"

చెప్పబోయాను. 'కాయలోని తేమను శబ్దమును బట్టి...' అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఆవిడ చెప్పింది నా నోట్లో పడేసరికి మళ్ళీ నా రెండు పేజీలైపోతోంది. ఏం చేశానో నాకు అప్పుడు తెలిసొచ్చింది. బెంచీ మీద కూర్చున్నాను. తప్పు నాదేనండీ అని లెక్చరరుతో చెప్పాను. ఆమె నన్నేమీ అనలేదు. "వెళ్ళి పిలవండి. మా డిగ్రీ పిల్లలు ఇంకా ఉన్నారు. కాగితం లేకుండా, కాయలు తెచ్చుకుని రమ్మనండి," అంది.

సోమవారం చిలకలూరిపేట రోడ్డు వైపు వెళ్ళే బస్సెక్కాను. దారిలో ఆవిడతో చెప్పాల్సిన వాక్యం ఒకటికి పదిసార్లు అనుకున్నాను. తప్పు నాది, కాగితం పారెయ్యండి, మీలా మాట్లాడండి. మీరు అనాలని కూడా అనుకున్నాను.

షెడ్డులో నేలంతా ఎర్రటి రాశులు. ఒక్కో రాశి చుట్టూ ఆరేడుగురు ఆడవాళ్ళు, ముక్కుకు తువ్వాళ్ళు కట్టుకుని. నేను గడపలోనే వరసపెట్టి తుమ్మాను. ఆ తుమ్ములకే ఆవిడ తలెత్తి చూసి పరుగున వచ్చింది. చేతులు కడుక్కుని ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది.

"మీరే వచ్చారా మాస్టారూ. నాకు మీ ముందుకి రావడానికి మొహం చెల్లలేదండీ. అంత కష్టపడి రాసిచ్చారు. మా అమ్మాయి కూడా అంది, ఆ పెద్దాయన్ని నలుగురిలో తల దించుకునేట్టు చేశావని."

నేను నోరు తెరిచాను. ఆవిడే ముందు అంది.

"ఇప్పుడు మొత్తం వచ్చేసిందండీ. వినండి."

మిగిలిన ఆడవాళ్ళు పని ఆపారు. ఆవిడ చీర సర్దుకుని నిలబడి, సభకు నమస్కారము అని మొదలుపెట్టింది. పోర్చుగీసు నావికులు ఎక్కడా ఆగకుండా తీరం చేరారు. 'ఎండిన కాయ యందలి తేమ' దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి దానంతటది పక్క రాశిలోంచి ఒక కాయ తీసింది. చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. పలకలేదేమో, తాలుకాయల వైపు విసిరేసి ఇంకోటి తీసింది. నోరు నా పాఠం చెబుతోంది, చెయ్యి తన పాఠం తాను చెప్పుకుంటోంది. నేను చేతినే చూస్తూ కూర్చున్నాను. 'ఇంతటితో విరమిస్తున్నాను' అని పూర్తి చేసింది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. అవి మంచి చప్పట్లు.

ఆవిడ నా వైపు చూసింది. ఆ రోజు క్లాసులో చూసినట్టే.

"ఒక్క ముక్క కూడా పోలేదు కదండీ?"

"ఒక్క ముక్క కూడా పోలేదమ్మా," అన్నాను.

అంత సంతోషం ఆవిడ ముఖంలో మైక్రోస్కోపులో చూసిన రోజు కూడా లేదు. దాన్ని చెడగొట్టడానికి నోరు రాలేదని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. అంతమంది ముందు నా రెండు పేజీలు చెత్త అని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్ళి మార్కులు వేసి వచ్చాను. మేడం గారు మళ్ళీ పిలిస్తే వస్తానండీ, ఈసారి తడబడను అంది. పిలిచిందని చెప్పడానికే నేను వెళ్ళింది. అది కూడా చెప్పలేదు. వస్తే డిగ్రీ పిల్లల ముందు నిలబడి ఆ రెండు పేజీలే అప్పజెబుతుంది, వాళ్ళు నవ్వుతారు, లెక్చరరు నన్ను చూస్తుంది. బస్టాపు దాకా వచ్చి నాకో సంచిలో కిలో కాయలు పెట్టి ఇచ్చింది, అన్నీ పలికేవే ఏరి.

శనివారం లెక్చరరు అడిగింది, కలిశారా అని. కలిశాను, సీజను కదా, తీరిక లేదట అని చెప్పాను. ఇంతవరకు ఈ సంగతి మా ఆవిడకు కూడా చెప్పలేదు.

పోయిన వారం సాయంత్రం మళ్ళీ ఫోన్ వచ్చింది. వెనక కుక్కర్ విజిల్ వినపడుతోంది.

"మాస్టారూ, మేడం గారు ఏమన్నా అన్నారా అండీ?"

"ఇంకా ఏమీ అనలేదమ్మా. అంటే చెబుతాను," అన్నాను.

"పర్లేదండీ. మర్చిపోకుండా రోజూ ఒకసారి కాగితం చూసుకుంటున్నాను," అంది.

మంచిదమ్మా అన్నాను.